నన్ను అడిగి ఇచ్చిన మందు

తాగుడు మాని ఆరేళ్లు దాటింది. పోయిన నెల మా ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగ్‌లో ఒక విషయం మీద పెద్ద వాదన జరిగింది, అది చెప్పాలంటే ముందు నా రోగం సంగతి చెప్పాలి.

నాది అనంతపురం, కళ్యాణదుర్గం రోడ్డులో మోటర్ వైండింగ్ షాపు. మా జిల్లాలో బోర్లకు కొదవ లేదు కాబట్టి కాలిన మోటర్లకూ కొదవ లేదు, ఎండాకాలమైతే రాత్రి పదకొండు దాకా పనే. పనయ్యాక ఒళ్లు నొప్పులకని ఒక క్వార్టర్‌తో మొదలైంది, చివరికి క్వార్టర్ పడితేగానీ పని మొదలుపెట్టలేని స్థితికి వచ్చా. పొద్దున లేస్తే చేతులు వణుకు. రాగి తీగ స్లాట్‌లోకి దించేటప్పుడు పైనున్న పూత గీసుకోకూడదు, ఒక్కచోట గీసుకున్నా మోటర్ మళ్లీ కాలిపోతుంది. ఆ చేతులతో నేను చుట్టినవి వారం తిరక్కుండా వెనక్కి వచ్చేవి. రైతులు నన్నేమీ అనలేదు, వేరే షాపుకి పోయారు, అంతే. మొదట్లో అయ్యప్ప మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు చుక్క ముట్టేవాణ్ని కాదు, అందుకే ఇది జబ్బు కాదు, మనసు పెడితే మానగలనని నేనూ నమ్మా, ఇంట్లోవాళ్లూ నమ్మారు. ఆ చివరి ఏడు మాల వేసుకోవడానికే భయపడ్డా.

2019 నవంబర్, ఒక ఆదివారం. ఇంట్లో ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ తిని బయటికి పోయి తాగా. పావుగంట కూడా కాలేదు, మొహం, చెవులు మంటపెట్టినట్టు వేడెక్కాయి, గుండె దడదడా కొట్టుకుంటోంది, వాంతులు, కళ్లు బైర్లు కమ్మి షాపు మెట్ల మీదే కూలబడ్డా. మావాడు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. బీపీ బాగా పడిపోయింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ "ఏం మాత్రలు వాడుతున్నావన్నా?" అని అడిగింది. ఏమీ లేవు మేడం అన్నా. అప్పుడు తలుపు దగ్గర నిలబడిన మా ఆవిడ కొంగు ముడి విప్పి, సగం ఖాళీ అయిన మాత్రల షీటు తీసి ఆమె చేతిలో పెట్టింది. "చట్నీలో కలిపినాను మేడం, మాన్పించాలనే కలిపినాను" అని ఏడ్చింది. ఎవరో చెప్పారట, చీటీ లేకుండానే మందుల షాపులో ఇచ్చారట.

డైసల్ఫిరామ్ అది. మద్యం ఒంట్లో అరిగేటప్పుడు ఎసిటాల్డిహైడ్ అనే విషం పుడుతుంది, మామూలుగా లివర్ దాన్ని వెంటనే విరిచేస్తుంది, ఈ మాత్ర ఆ విరిచే పనిని ఆపేస్తుంది. దాంతో తాగినవాడికి చచ్చినంత పనవుతుంది, నిజంగా చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. మాత్ర మానేసిన రెండు వారాల దాకా కూడా ఆ ప్రభావం ఉండొచ్చు. అమెరికాలో 1951 నుంచీ వాడుతున్నారు, మంచి మందే. కానీ వేసుకునేవాడికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సింది. డాక్టరమ్మ మా ఆవిణ్ని తిట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పింది.

అక్కడే అడ్మిట్ అయ్యా. తాగుడు ఒక్కసారిగా ఆగడంతో మూడో రాత్రి దుప్పటి నిండా లేని చీమలు కనపడ్డాయి, దులుపుతూనే ఉన్నానట తెల్లవార్లూ. విటమిన్ ఇంజెక్షన్లు, నిద్రమాత్రల్లాంటివి ఇచ్చి రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చారు. పదకొండో రోజు ఇంటికొచ్చా. బయటపడింది ఒళ్లే, మనసు కాదు. ఇంట్లో చట్నీ ముట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మా ఆవిడ రోజూ అదే గిన్నెలోంచి తను ముందు ఒక ముద్ద తిని, తర్వాత నాకు వడ్డించేది. మాట్లాడేది కాదు.

లివర్ దెబ్బతినుందని డాక్టర్ నాకు బాక్లోఫెన్ రాశారు. కండరాల బిగుతుకి వాడే మాత్ర, ఫ్రాన్స్‌లో 2018లో తాగుడుకి కూడా అనుమతించారు, చాలా దేశాల్లో ఇంకా కాదు. ఈసారి ఆయన అరగంట కూర్చుని చెప్పారు, మత్తుగా ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావొచ్చు, ఇష్టమైతేనే మొదలుపెడదాం అని. ఇష్టమే సార్ అన్నా. ఆ మాట నా నోటితో అన్నందుకే, మత్తుతో తల వాలిపోయిన రోజుల్లో కూడా మానలేదు.

మీటింగ్‌లో ఈ సంగతి చెప్పిన రోజు ఒక పెద్దాయన "మందు మానడానికి ఇంకో మందా నాయనా, అది మానినట్టెట్లా అవుతుంది?" అన్నాడు. ఆయన పదహారేళ్లుగా ఒట్టి మనోబలంతో ఉన్నాడు, ఆయనంటే నాకు గౌరవం. నాకు తెలిసిన భాషలోనే చెప్పా: కొన్ని మోటర్లకు స్టార్టింగ్‌కే కెపాసిటర్ కావాలి, స్పీడందుకోగానే తప్పుకుంటుంది, కొన్నిటికి తిరిగినంతసేపూ ఉండాలి, ఆ రెండో రకం మోటర్ నీళ్లు తోడట్లేదని ఎవరూ అనరు కదా పెద్దాయనా అని. ఏఏ పుస్తకాల్లోనే సభ్యులు డాక్టర్ల పని చేయొద్దని ఉంది. 1935లో ఏఏని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన బిల్ విల్సనే 1956లో డాక్టర్ల సమక్షంలో ఎల్‌ఎస్‌డి అనే, లేనివి కనపడేలా చేసే మత్తుమందు తీసుకుని, మానలేనివాళ్లకు దారి దొరుకుతుందేమోనని చూశాడు. తోటివాళ్లు ఒప్పుకోలేదనుకోండి. నేను ఎల్‌ఎస్‌డి మంచిదనట్లేదు, మనలో వెతుకులాట కొత్త కాదంటున్నా.

ఇక పోయిన నెల సంగతి. మా గ్రూపులో ఒక తమ్ముడు ఉన్నాడు, నాలుగుసార్లు మాని నాలుగుసార్లు జారాడు. బెంగళూరులో తాగుడు మాన్పించే ఒక కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోందని, చేరమంటారా అని అడిగాడు. ట్రయల్ అంటే కొందరికి నిజం మందు, కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి తేడా చూసే పరీక్ష. ఒకాయన "మనమేమన్నా ఎలుకలమా?" అని లేచాడు. ఒకామె, కొడుకు కోసం వస్తుంది, "నిజం మందు కాకుండా ఉత్త మాత్ర ఇస్తే నా బిడ్డ గతేంది?" అంది. ఇంకొకరు సెమాగ్లూటైడ్ ఎత్తుకున్నారు, షుగరుకి, బరువుకి వేసుకునే వారానికో ఇంజెక్షన్, దాంతో తాగాలనే యావ తగ్గిందని 2025లో ఒక అధ్యయనం వచ్చింది. నిజమే, కానీ అందులో ఉన్నది 48 మంది. దాన్ని పట్టుకుని మందుల షాపుకి పరిగెత్తడమంటే మా ఇంటి చట్నీ కథే మళ్లీ.

ట్రయల్‌లో చేరడానికి ఆ తమ్ముడికిచ్చిన ఒప్పుకోలు ఫారం నేను చదివా, తెలుగులోనే ఉంది. ఉత్త మాత్ర పడే అవకాశం ఉందని దాచకుండా రాశారు. ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు, మానుకున్నా మామూలు వైద్యం ఆగదు, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం వాళ్లదే అని ఉంది. ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ నంబరు కూడా ఉంది, మావాడితో ఆన్‌లైన్‌లో చూపించా, దొరికింది. చేరమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆ పేజీ మాత్రం వాడితో రెండుసార్లు బయటికి చదివించా.

మొన్న బెంగళూరు నుంచి వస్తూ షాపుకొచ్చాడు. చేరాడు. తనది నిజం మందో ఉత్తదో వాడికీ తెలీదు, ఇస్తున్న డాక్టరుకీ తెలీదు. జేబులోంచి చిన్న డైరీ తీసి చూపించాడు, రోజూ యావ ఎంతుందో సున్నా నుంచి పది దాకా అంకె వేయాలట. ఎనిమిది, ఎనిమిది, ఏడు, తొమ్మిది, ఆరు. ఆరు దగ్గర వేలు పెట్టి చూపించి, "ఈ రోజు తాగాలని సప్తగిరి సర్కిల్ దాకా పోయి, తాగకుండానే వెనక్కొచ్చినానన్నా" అన్నాడు.