పాల్వంచ టవర్లు, రెండు అట్టముక్కలు

పాల్వంచ పాత థర్మల్ ప్లాంటు కూలింగ్ టవర్లను మొదటిసారి ఫొటో తీసినప్పుడు, ఎంత దగ్గరికి వెళ్తే అంత పెద్దగా కనబడతాయనుకున్నాను. రోడ్డు మీద నుంచే, ఎదురుగా ఉన్నదంతా వెడల్పుగా పట్టే 18 ఎంఎం లెన్స్‌తో కెమెరా పైకెత్తి నొక్కేశాను. ఇంటికొచ్చి చూస్తే టవర్లన్నీ వెనక్కి పడిపోతున్నట్టు ఉన్నాయి, ఒకదాని నెత్తిన కరెంటు స్తంభం మొలిచింది. అయినా ఆ ఫొటో మీద ప్రేమే. చిన్నప్పుడు భద్రాచలం వెళ్తుంటే బస్సు కిటికీలోంచి అవి కనబడగానే పాల్వంచ వచ్చేసిందని అరిచేవాళ్లం. పైనుంచి వచ్చేది పొగ అనుకునేవాణ్ణి. అది ఆవిరి అని, వేడి నీళ్లను లోపల చల్లుతుంటే కింద నుంచి లేచే గాలి ఆ వేడిని మోసుకుపోతుందని చాలా ఏళ్లకి తెలిసింది.

మా వీధిలో స్టూడియో నడిపిన బాబాయ్ ఒకాయన ఉన్నారు. ప్రింట్ తీసుకెళ్లి చూపించాను. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. పాత శుభలేఖ అట్టని ఎల్ ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించి, ఫొటో మీద చతురస్రంలా పెట్టి, అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నారు.

"ఇందులో నువ్వు చూపియ్యాలనుకున్నది ఏందిరా?"

"టవర్లే బాబాయ్."

"మరి సగం ఆకాశమే ఉందిగా. పక్కన మనిషో గొడ్డో లేకపోతే అదెంత ఎత్తో ఎట్లా తెలుస్తది?"

అట్టముక్కలు ఆ స్తంభాన్ని, ఖాళీ ఆకాశాన్ని మూసేశాక మిగిలింది చూసి గుండె ఝల్లుమంది. ఫొటో అక్కడే ఉంది, నేను చూడలేదంతే.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చింది ఒకటే: జూమ్ తిప్పేముందు కాళ్లు కదుపు. మళ్లీ వెళ్లినప్పుడు బాగా వెనక్కి వచ్చి, పొలం గట్టు మీద నిలబడి, దూరాన్ని దగ్గరగా చూపే 200 ఎంఎం లెన్స్‌తో కెమెరా నిటారుగా పెట్టి తీశాను, గోడలు వాలలేదు. రెండు టవర్లు ఒకదాని మీదొకటి పడి ముద్దలా కనబడుతుంటే గట్టు మీదే పది అడుగులు పక్కకి జరిగాను, మధ్యలో సన్నటి గీతలా ఆకాశం తెరుచుకుంది, అప్పుడు ఏ టవర్ నడుము దానికి విడిగా కనబడింది. మబ్బు రోజునే ఎంచుకున్నాను, ఎందుకంటే అప్పటికి జర్మనీకి చెందిన బెర్న్డ్, హిల్లా బెషర్ దంపతులు తీసిన ఫొటోలు చూస్తున్నాను. 1959 నుంచి దశాబ్దాల పాటు వాళ్లు నీళ్ల ట్యాంకులు, గనులు, కూలింగ్ టవర్లు అన్నిటినీ అలాంటి నీడల్లేని వెలుతురులోనే, మనిషిని నిలబెట్టి తీసినట్టు తిన్నగా తీశారు. మన దగ్గర ఫ్యాక్టరీలకి ఆ గౌరవం ఇచ్చి ఫొటో తీసేవాళ్లు చాలా తక్కువ, అది నాకు బాధే.

ఆ ఫొటోలో సైకిల్ మీద ఒకాయన వెళ్తున్నారు, టవర్ ముందు గోరంత కనబడతారు. చివరి టవర్ పాదాన్ని మాత్రం వేపచెట్టు కమ్మేసింది. ఇంకోసారి వచ్చి తీద్దాంలే అనుకున్నాను.

2024 ఆగస్టు 5న ఎనిమిది టవర్లనీ పేల్చి కూల్చేశారు.

బాబాయ్ మళ్లీ అట్టముక్కలు పెట్టి, "ఆ చెట్టు వైపు కోసెయ్, బొమ్మ నిలబడుద్ది" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, కోస్తే ఫొటో బాగుంటుంది. కానీ దానితోపాటు ఆ టవర్ కూడా పోతుంది. ఈ ఒక్కసారికి ఆయన మాట వినలేదు. చెట్టుతో సహా ప్రింట్ వేయించి హాల్లో పెట్టాను.