బేస్‌బాల్‌లో నాకు అందరికంటే పెద్ద ప్లేయర్ కర్ట్ ఫ్లడ్

బేస్‌బాల్ చరిత్ర ఎవర్ని అడిగినా బేబ్ రూత్, జాకీ రాబిన్సన్, హ్యాంక్ ఆరన్, ఈమధ్య అయితే ఒహ్తానీ, ఇవే పేర్లు చెప్తారు. తప్పేం లేదు, అందరూ గొప్పోళ్ళే. కానీ ఈ ఆటనే ఉద్యోగంగా చేసుకుని బతికే వాళ్ళ జీవితాల్ని ఎవరు మార్చారు అని అడిగితే మాత్రం నేను కర్ట్ ఫ్లడ్ అనే చెప్తా. అమెరికాలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ అనే టీమ్‌కి 12 ఏళ్ళు ఆడిన సెంటర్ ఫీల్డర్, అంటే మైదానంలో వెనకవైపు మధ్యలో నిలబడి బంతులు పట్టే ఆటగాడు. మేం ఉండేది సెయింట్ లూయిస్ దగ్గర్లోనే, ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, సమ్మర్ వస్తే పిల్లలకి ఎర్ర టోపీలు పెట్టి బుష్ స్టేడియంకి తీసుకెళ్తుంటారు, కానీ ఫ్లడ్ పేరెత్తితే ఎవరాయన అంటారు. అందుకే రాస్తున్నా.

ఆయన చేసింది అర్థం కావాలంటే ముందు అప్పట్లో ప్లేయర్లతో టీమ్‌లు రాయించుకునే కాంట్రాక్ట్ గురించి తెలియాలి. జీతాలిచ్చి ఆడిస్తున్నామని బాహాటంగా చెప్పుకున్న మొదటి టీమ్ 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్, తర్వాత 1876లో నేషనల్ లీగ్ వచ్చింది, 1879కల్లా ఓనర్లంతా కూర్చుని ఒక్కో టీమ్ ఐదుగురు ప్లేయర్లని తమకే రిజర్వ్ చేసుకోవచ్చు, వాళ్ళని ఇంకే టీమ్ తీసుకోకూడదు అని ఒప్పందం చేసుకున్నారు. ఆ ఐదుగురు కాస్తా పోనుపోను టీమ్‌లో అందరూ అయిపోయారు. కాంట్రాక్ట్ ఏడాదికే ఉంటుంది, కానీ అందులో ఒక పేరా ఉండేది, ప్లేయర్ కొత్తదాని మీద సంతకం పెట్టకపోయినా క్లబ్ అవే షరతుల మీద ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు అని. ఓనర్లు ఏమనేవాళ్ళంటే, పొడిగించిన కాంట్రాక్ట్‌లో కూడా ఆ పేరా ఉంటుంది కదా, కాబట్టి మళ్ళీ పొడిగిస్తాం, ఆ పై ఏడాది మళ్ళీ పొడిగిస్తాం. అంటే ఒక్కసారి సంతకం పెడితే జీవితాంతం వాళ్ళ మనిషే, వాళ్ళు అమ్మితే వెళ్ళాలి, వద్దంటే ఇంటికెళ్ళాలి. మన ఐపీఎల్ వేలం చూసి మనుషుల్ని అమ్ముతున్నారని కొందరు బాధపడతారు కానీ అక్కడ వేలానికి పేరు ఇచ్చుకునేది ప్లేయరే, ఇక్కడ అదీ లేదు.

ఎదురు తిరిగినవాళ్ళు మొదట్నుంచీ ఉన్నారు. జాన్ మాంట్‌గొమరీ వార్డ్ అని న్యూయార్క్ జెయింట్స్ టీమ్ ప్లేయర్, ఆడుతూనే కొలంబియాలో లా చదివాడు, పారిపోయిన బానిసల్ని పట్టి తెచ్చే చట్టానికీ ఈ రూలుకీ తేడా లేదని 1887లోనే రాశాడు, 1890లో ప్లేయర్లతోనే వేరే లీగ్ పెట్టించాడు, అది ఒక్క సీజన్‌కే మూతపడింది. 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య జరిగే వ్యాపారం కిందకి రాదు కాబట్టి గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టం దీనికి వర్తించదు అని తేల్చేసింది, ఇక ఓనర్లకి అడ్డే లేదు. ఎంత పెద్ద ప్లేయరైనా అంతే. 1919 సీజన్ అయ్యాక బోస్టన్ రెడ్ సాక్స్ బేబ్ రూత్‌ని యాంకీస్‌కి అమ్మేసింది, తర్వాతి ఏడాది ఆయన 54 హోమ్ రన్స్ (మన క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టి ఆట స్వరూపమే మార్చేశాడు, అంతటి మనిషిని అమ్మడానికి కూడా ఆయన ఒప్పుకోవాల్సిన పని లేదు. నల్లవాళ్ళని ఆడనివ్వని రంగు అడ్డుగోడని 1947లో దాటి వచ్చిన జాకీ రాబిన్సన్‌ని కూడా 1956 చివర్లో డాడ్జర్స్ వాళ్ళు జెయింట్స్‌కి ట్రేడ్ చేసేశారు, అంటే ఆ టీమ్‌కి మార్చేశారు, ఆయన అప్పటికే రిటైర్ అవ్వాలనుకున్నాడు కాబట్టి వెళ్ళలేదు.

ఇక మన ఫ్లడ్ సంగతి. 1938లో హ్యూస్టన్‌లో పుట్టి ఓక్లాండ్‌లో పెరిగాడు. నల్లవాడు కాబట్టి, దక్షిణాది మైనర్ లీగుల్లో (పెద్ద టీమ్‌లుండే మేజర్ లీగ్స్‌కి కింది స్థాయి) ఆడినప్పుడు తెల్ల ప్లేయర్లతో కలిసి తినడానికి లేదు, ఒకే హోటల్లో ఉండడానికి లేదు. ఒకసారి ఒకే రోజు రెండు మ్యాచ్‌లు, మధ్యలో చెమటతో తడిసిన యూనిఫాం విప్పి అందరి బట్టల మీద వేస్తే అక్కడ పనిచేసే మనిషి దాన్ని చేత్తో ముట్టుకోకుండా పొడవాటి కర్రతో ఎత్తి అవతల పెట్టాడట, ఎన్నో ఏళ్ళ తర్వాత కెమెరా ముందు చెప్పాడు ఇది. ఆ కుర్రాడే తర్వాత కార్డినల్స్‌లో 1963 నుంచి 1969 దాకా వరసగా ఏడు గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు), 1964లో, 1967లో వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్) గెలుపులు. 1969లో జీతం 90,000 డాలర్లు, అప్పటికి అది చాలా పెద్ద మొత్తం. అదే ఏడాది అక్టోబర్‌లో క్లబ్ ఆఫీసు నుంచి ఫోన్, నిన్ను ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేశాం అని. అంతే. 12 ఏళ్ళ సర్వీసుకి ఒక ఫోన్ కాల్.

ఫిలడెల్ఫియా వాళ్ళు 1,00,000 డాలర్లు ఇస్తామన్నారు. అది తీసుకుని వెళ్ళిపోయుంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆయన ప్లేయర్ల యూనియన్ లీడర్ మార్విన్ మిల్లర్ దగ్గరికెళ్ళి కేసు వేస్తా అన్నాడు. మిల్లర్ ఏమీ దాచకుండా చెప్పాడు, గెలిచే ఛాన్స్ తక్కువ, ఒకవేళ గెలిచినా నీకేం దక్కదు, నీ కెరీర్ అయిపోతుంది అని. మిగతా ప్లేయర్లకి ఉపయోగపడుతుందా అని అడిగాడు ఫ్లడ్. ఉపయోగపడుతుంది అన్నాడు మిల్లర్. అయితే చేద్దాం అన్నాడు ఈయన. నాకు బేస్‌బాల్ చరిత్ర మొత్తంలో ఏ హోమ్ రన్ కన్నా ఈ మాటే పెద్దది.

ఆ డిసెంబర్‌లో ప్యూర్టోరికోలో యూనియన్ మీటింగ్‌కి వెళ్తే టామ్ హాలర్ అనే ప్లేయర్ మొహం మీదే అడిగాడు, నువ్వు నల్లవాడివి కాబట్టి చేస్తున్నావా అని. నల్లవాడిగా నాకు ఇది ఇంకాస్త ఎక్కువ తెలుస్తుంది కానీ ఈ సమస్య మనందరిదీ అన్నాడు. అందరూ మద్దతుకి ఓటేశారు. డిసెంబర్ 24న ఫ్లడ్ బేస్‌బాల్‌ని నడిపే కమిషనర్ బౌయీ కూన్‌కి ఉత్తరం రాశాడు, మేజర్ లీగ్స్‌లో 12 ఏళ్ళు ఆడాక నా ఇష్టంతో పనిలేకుండా కొనడానికీ అమ్మడానికీ నేనొక ఆస్తినని నేననుకోవట్లేదు అని. తర్వాత టీవీలో 90,000 సంపాదించే నువ్వు బానిసవా అనడిగితే, జీతం బాగున్నా బానిస బానిసే అని జవాబిచ్చాడు. దానికి జనం తిట్టారు, పేపర్లు తిట్టాయి.

1970లో న్యూయార్క్‌లో విచారణ జరిగినప్పుడు జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యం చెప్పాడు, అప్పటికే ఆరోగ్యం బాగా దెబ్బతింది ఆయనకి. హ్యాంక్ గ్రీన్‌బర్గ్ అనే పాతతరం పెద్ద ప్లేయర్ వచ్చాడు. కానీ అప్పుడు ఆడుతున్న ప్లేయర్ ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా ఆ కోర్టు గదిలో వచ్చి కూర్చోలేదు. ఓటు వేసినవాళ్ళు కూడా రాలేదు. ఓనర్లంటే భయం, అర్థం చేసుకోగలను, అయినా ఇది చదివినప్పుడల్లా నాకు గుండె మండుతుంది.

1972లో సుప్రీంకోర్టు 5-3తో ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ బ్లాక్‌మన్ మొదట్లో బేస్‌బాల్ ఎంత గొప్పదో వర్ణిస్తూ టై కాబ్, బేబ్ రూత్ అంటూ పాతతరం హీరోల పేర్లు పొడుగ్గా రాసుకుంటూ పోయాడు, బేస్‌బాల్‌కి ఈ మినహాయింపు ఉండటం వింతే అని కూడా ఒప్పుకున్నాడు, మార్చాలంటే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంట్) మార్చుకోవాలి అని వదిలేశాడు. ఈలోపు 1971లో ఫ్లడ్ వాషింగ్టన్ సెనేటర్స్‌కి 13 మ్యాచ్‌లు ఆడి, ఇక నావల్ల కాదని యూరప్ వెళ్ళిపోయాడు. మద్యం, అప్పులు, ఒంటరితనం, ఆ ఏళ్ళ గురించి ఎక్కువ రాయాలనిపించట్లేదు.

కానీ ఆయన కదిలించింది ఆగలేదు. 1975లో డాడ్జర్స్ పిచ్చర్ (బౌలర్ లాంటివాడు) ఆండీ మెసర్‌స్మిత్ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టకుండానే సీజనంతా ఆడాడు, డేవ్ మెక్‌నాలీ అనే ఇంకో పిచ్చర్ కూడా సంతకం పెట్టలేదు, ఇద్దరి కేసూ పీటర్ సైట్జ్ అనే ఆర్బిట్రేటర్ (రెండు పక్షాల మధ్య తీర్పు చెప్పే మధ్యవర్తి) దగ్గరికెళ్ళింది. ఆ డిసెంబర్‌లో ఆయన చెప్పింది చాలా చిన్న విషయం, ఇంకో ఏడాది అని రాశారు కదా, ఇంకో ఏడాది అంటే ఒక్క ఏడాదే అని. 96 ఏళ్ళుగా నడిచిన పద్ధతి దాంతో కూలిపోయింది. ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్ట్ అయిపోయిన ప్లేయర్ తనకి నచ్చిన టీమ్‌కి వెళ్ళే హక్కు, వచ్చింది. 1966లో మిల్లర్ వచ్చేనాటికి కనీస జీతం ఏడాదికి 6,000 డాలర్లు, 2025లో 7,60,000. ఒహ్తానీ 2023 డిసెంబర్‌లో తనకి నచ్చిన టీమ్‌ని తనే ఎంచుకుని 70 కోట్ల డాలర్లకి సంతకం పెట్టాడు, ఆ ఎంచుకునే హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడాడే కుర్రాళ్ళు కొంచెం తెలుసుకుంటే బాగుండు.

ఫ్లడ్ 1997 జనవరిలో గొంతు క్యాన్సర్‌తో చనిపోయాడు, 59 ఏళ్ళు. మరుసటి ఏడాది కాంగ్రెస్ ఆయన పేరు మీదే చట్టం చేసింది. మిల్లర్‌ని చనిపోయాకైనా హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (బేస్‌బాల్ గొప్పవాళ్ళకి ఇచ్చే గౌరవం) తీసుకున్నారు, ఫ్లడ్‌కి ఇంకా చోటు ఇవ్వలేదు, ఇవ్వాలి, ఆ ఏడు గోల్డ్ గ్లవ్‌లు పక్కన పెట్టినా ఇవ్వాలి. 1973లో ఓనర్లు దిగొచ్చి ఒక రూల్ ఒప్పుకున్నారు, మేజర్ లీగ్స్‌లో పదేళ్ళు ఆడి, అందులో చివరి ఐదేళ్ళు ఒకే టీమ్‌లో ఉన్న ప్లేయర్‌ని అతను ఒప్పుకోకుండా ట్రేడ్ చేయకూడదు అని. దాన్ని ఇప్పటికీ కర్ట్ ఫ్లడ్ రూల్ అంటారు. ఆ ఫోన్ వచ్చేనాటికి ఆయనకి కార్డినల్స్‌లోనే పన్నెండేళ్ళు.