ఏజీపీ పేజీ చేతికిస్తే డాక్టర్‌గారు ఏం చూడాలి

విజయవాడ సూర్యారావుపేటలో ఆస్పత్రి లేని సందు కనపడదు, గుంటూరు కొత్తపేటా అంతే. అయినా చేతికి అంటించుకున్న షుగర్ సెన్సర్ రిపోర్టు బల్ల మీద పెడితే, కొందరు డాక్టర్లు "మూడు నెలల సగటు ఎంతుంది?" అని అడిగి దాన్ని పక్కన పెట్టేస్తారు. వాళ్లు చదువుకున్న రోజుల్లో ఈ సెన్సర్లు లేవు. పైగా బయట టోకెన్లు పట్టుకుని జనం.

అందుకే ఫోన్ చూపించకండి. యాప్‌లోంచి ఏజీపీ రిపోర్టు, అంటే 14 రోజుల షుగర్ రీడింగుల్ని ఒకే రోజు గీతలా చూపించే పేజీ, ఒక్కటి ప్రింటు తీయించండి. ఆ రోజుల్లో కనీసం 70 శాతం డేటా ఉంటేనే అది నమ్మదగ్గది. స్కాన్ చేసే రకం సెన్సర్ 8 గంటల రీడింగులే దాచుకుంటుంది. రాత్రి తొమ్మిదికి చూసి పొద్దున ఏడుకి చూస్తే రెండు గంటలు పోయినట్టే.

పేజీలో ముందు 70 కింద ఎంతసేపు ఉందో చూడాలి. 4 శాతం దాటకూడదు. బాగా పెద్దవయసు వాళ్లకి 1 శాతం కూడా. 70–180 మధ్య 70 శాతం పైన ఉంటే మంచిదే. తెల్లవారుజామున 55, అన్నం తిన్నాక 260 అయినా మూడు నెలల సగటు చక్కగానే కనిపించొచ్చు.

అలవాటు లేనివాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడ. రాత్రి రెండింటికి గీత ఉన్నట్టుండి 52కి పడి, కాసేపటికి ఏమీ తినకుండానే 110కి లేస్తుంది. అది చూసి రాత్రి ఇన్సులిన్ తగ్గించేస్తే పరగడుపు షుగర్ ఎక్కి కూర్చుంటుంది. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. ఆ చెయ్యి మీదే ఒత్తిగిలి పడుకుంటే షుగర్ పడకపోయినా పడినట్టు చూపిస్తుంది. అలారం మోగితే చెయ్యి మీంచి లేచి, వేలు పొడిచి స్ట్రిప్ మీద చూడండి. నిజంగానే 70 కింద ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూడాలి. ఏ వైపు పడుకున్నారో ఆ ప్రింటు మీదే పెన్నుతో రాసి తీసుకెళ్లండి. డోసు మార్చాలా వద్దా అన్నది డాక్టర్‌గారు అప్పుడు సరిగ్గా తేల్చగలరు.

ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపు ఉన్నవాళ్లయితే అడ్మిట్ అయినప్పుడే మాట్లాడాలి. అందులో త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే ఉంటుంది. తెలియక సిస్టర్ ఊడదీసి పెడితే, టైప్ 1 వాళ్లకి (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని వాళ్లకి) కొన్ని గంటల్లోనే కీటోన్లు, అంటే ఇన్సులిన్ లేక రక్తంలో పేరుకునే ఆమ్లాలు, మొదలవుతాయి. "పంపు తీస్తే ఇన్సులిన్ వేరే ఇవ్వాలి" అని కేసు షీటు మీద రాయించండి. ఎమ్మారై గదిలోకి మాత్రం పంపు తీసుకెళ్లకూడదు.