బస్తా కాటా వేసే ముందు పిక్క కోసి చూడండి

శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గ, వజ్రపుకొత్తూరు, మందస వైపు జీడిపిక్కల బేరమంతా 80 కిలోల బస్తా లెక్కన నడుస్తుంది. బస్తాకు 16 వేలు ఇవ్వాలని ఈ ఉద్దానం ప్రాంత రైతులు కొన్నేళ్లుగా అడుగుతున్నారు. ఆ డిమాండ్ న్యాయమైనదే. కానీ ధర ఎంతకు తెగినా, ఆ బస్తాలో పప్పు ఎంతుందో రైతుకు తెలియదు, వర్తకుడికి తెలుసు. బేరంలో సగం అక్కడే పోతోంది. ఎకరా రెండెకరాల రైతుకు ముందుగా పనికొచ్చేది ఈ లెక్క, దాని తర్వాతే మిగతావి.

ఫ్యాక్టరీ కొనేది పిక్కను కాదు, లోపలి పప్పును. ఐవరీ కోస్ట్, బెనిన్, ఘనా నుంచి ఓడల్లో వచ్చే పిక్కను కూడా వాళ్లు కోత పరీక్ష చేసి, అంటే కొన్ని పిక్కలు కోసి పప్పు తూచి, 80 కిలోలకు ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందో చూసుకుని ధర కడతారు. మన పిక్కకు మాత్రం కంటిచూపు, చేతి అంచనా, పైగా తరుగు. ఆ పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. గ్రాముల కాటా ఒకటి, పిక్కలు కోసే చేతి మిషన్ గానీ గట్టి అడకత్తెర గానీ, చేతులకు రాసుకోవడానికి కొబ్బరి నూనె ఉంటే చాలు. నూనె మరిచిపోతే జీడి తగిలి చర్మం పొక్కుతుంది.

ఒక్కో బస్తా పైన, మధ్యలో, అడుగున తలా గుప్పెడు తీయండి. అన్నీ కలిపి కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయండి. కిలో మిగిలే దాకా ఇలాగే తగ్గించండి. పైనున్న మంచి పిక్కలే ఏరితే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. ఆ కిలోలో ఎన్ని పిక్కలున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన బీపీపీ-8 రకం పిక్క సగటున 8 గ్రాములకు పైగా తూగుతుంది కాబట్టి కిలోకు 120 దాకా వస్తాయి. పాత విత్తనపు చెట్ల పిక్క చిన్నది, సంఖ్య చాలా పెరుగుతుంది.

తర్వాత ప్రతి పిక్కనూ నిలువుగా రెండుగా కోసి, పప్పు తీసి మూడు కుప్పలు పెట్టండి. పొరతో ఉన్న మంచి పప్పు ఒకటి. మచ్చ పడినది, సరిగా ముదరనిది ఇంకొకటి, దీని బరువులో సగమే లెక్కలోకి వస్తుంది. తాలు, బూజు, పురుగు, నూనె కారి నల్లబడ్డది మూడోది, దానికి విలువ సున్నా. మంచిది 265 గ్రాములు, రెండో కుప్ప 20 గ్రాములు ఉందనుకోండి. 265కు 10 కలిపితే 275. దాన్ని 80తో గుణిస్తే 22 కిలోలు, అంటే 48.5 పౌండ్లు. పక్క తోట పిక్క 250 గ్రాములే ఇస్తే బస్తాకు 20 కిలోలు. రెండు బస్తాలూ ఒకే ధరకు పోతే మొదటి రైతు రెండు కిలోల పప్పు ఊరికే ఇచ్చినట్టు. ఇది పొరతో తూచిన బరువు. పొర తీశాక ఇంకా తగ్గుతుంది. వర్తకుడు ఏ లెక్క చెబుతున్నాడో అడిగి తీరాలి.

తడి సంగతికొస్తే, చెట్టు కింద ఏరిన పిక్కను రెండు మూడు రోజులు ఎండలో తిరగేస్తూ ఆరబెట్టి, తేమ 8, 9 శాతానికి తేవాలి. గోటితో నొక్కితే గాటు పడకూడదు, పోస్తుంటే గలగలమని చప్పుడు రావాలి. 15 శాతం తేమతో 80 కిలోలున్న పిక్క 9 శాతానికి ఆరితే దాదాపు 74.7 కిలోలవుతుంది. అంటే ఆరబెట్టిన రైతు ఐదు కిలోల పైచిలుకు బరువు పోగొట్టుకుంటాడు. తడికీ పొడికీ ఒకే రేటు ఇస్తే ఎవరు ఆరబెడతారు? తడిదే అమ్ముతారు. అది గోదాములో బూజు పడుతుంది. మరుసటి ఏడు వర్తకుడు అందరికీ తరుగు పెంచుతాడు. రేటు మాట్లాడేటప్పుడే తేమ శాతం కూడా మాట్లాడుకుంటే తప్ప ఈ గొడవ తెగదు.

రాలిన పిక్కనే ఏరాలన్నది అందరికీ తెలుసు. దొంగల భయంతో పచ్చిగానే దులుపుతున్నారు, దాంతో తాలు పెరుగుతోంది. తోటలు కలిసి కాపలా పెట్టుకోవడమే దీనికి దారి. పండును మెలితిప్పి తీసేటప్పుడు పిక్కకు గుజ్జు అంటుకుని ఉంటే బూజు అక్కడి నుంచే మొదలవుతుంది. నిల్వకు గోనెసంచులు, కింద చెక్కబల్లలు వాడండి. సముద్రపు గాలికి నేల మీది బస్తా మళ్లీ తేమ పీల్చుకుంటుంది.

ఇక చెట్టు సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కూలిన చెట్లు లెక్కలోకి వచ్చాయి. వేర్లు కదిలి, కొమ్మలు విరిగి నిలబడ్డ చెట్లను కాండం, వేరు తొలిచే పురుగు పట్టుకుంటుంది. చెట్టు మొదలు దగ్గర, నేలకు ఆనుకుని, చిన్న రంధ్రాలు, వాటి నుంచి జిగురుతో కలిసి రంపపు పొట్టు లాంటిది కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే. ఉలితో బెరడు తీసి, సొరంగం వెంట పోయి పురుగును చంపాలి. తర్వాత లీటరు నీటికి 10 మి.లీ. క్లోరిపైరిఫాస్ 20 ఈసీ కలిపి ఆ భాగాన్ని తడపాలి. మందు వాడే ముందు ఉద్యాన శాఖ వాళ్లను ఒకసారి అడగండి. మంచి చెట్ల మొదళ్లకు లీటరుకు 50 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు పొడి కలిపి పూస్తే గుడ్లు పెట్టడం తగ్గుతుంది. చుట్టూ బెరడు సగానికి పైగా పోయి ఆకు పసుపుబారిన చెట్టు ఇక బతకదు. "ఈ ఒక్క కాపు చూద్దాం" అని వదిలేసిన ఆ చెట్టే చుట్టుపక్కల తోటలన్నిటికీ పురుగుల పుట్ట అవుతుంది. వేళ్లతో సహా పెకలించి కాల్చేయాలి.

ఎరువు గురించి రెండే మాటలు. ఎదిగిన చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 125 గ్రాముల చొప్పున భాస్వరం, పొటాష్. అంటే దాదాపు 1.1 కిలో యూరియా, 780 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 210 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఇసుక నేలల్లో ఒకేసారి వేస్తే వానకు కొట్టుకుపోతుంది. రెండు దఫాలుగా, మొదలుకు మీటరున్నర దూరంలో గాడి తీసి వేసి మట్టి కప్పండి.

ఎకరా రైతు ఒంటరిగా కోత పరీక్ష కాగితం పట్టుకెళ్తే నవ్వుతారు. రైతులు సంఘం కట్టి వంద బస్తాలు ఒకచోట చేరిస్తే ఎనిమిది టన్నులు, అప్పుడు ఫ్యాక్టరీ మనిషే లారీ తెస్తాడు. అడ్డుపడేది సీజనుకు ముందు వర్తకుడి దగ్గర తీసుకున్న అడ్వాన్సు. అందుకే సంఘం పిక్క చేరిన రోజే సగం డబ్బు ఇవ్వగలగాలి. ఆ పెట్టుబడి లేకుండా పెట్టిన సంఘం మే నెల దాకా కూడా నిలవదు. సొంతంగా పప్పు తీసే యూనిట్‌కు తొందరపడొద్దని నా అభిప్రాయం. బాయిలర్, పప్పు ఆరబెట్టే బోర్మా కొనడం తేలికే. ఏడాది పొడుగునా పిక్క సరఫరా, గుండు (విరగని నిండు పప్పు) చెడకుండా కోసే చేతులు దొరకడం కష్టం.

అమ్మేటప్పుడు మరో కిలో నమూనా కట్టి, ఇద్దరూ సంతకాలు చేసిన చీటీతో సీలు వేసి, డబ్బు పూర్తిగా అందేదాకా సంఘం దగ్గర ఉంచండి. ఫ్యాక్టరీలో "మీ పిక్క తాలు" అని తేలిస్తే ఆ సంచి విప్పి ఇద్దరి ఎదుటే మళ్లీ కోయొచ్చు.