జనవరి చలిలో లాల్‌బాగ్, కబ్బన్ పార్క్

బెంగళూరు చలి అనగానే పెట్టె నిండా ఉన్నిబట్టలు సర్దుకొచ్చేవాళ్ళు చాలామంది. తీరా మధ్యాహ్నానికి వాళ్ళకు కావలసింది గొడుగు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఈ ఊళ్ళో జనవరి తెల్లవారుజామున 15, 16 డిగ్రీలుంటే, మధ్యాహ్నం 27, 28 దాకా వెళ్తుంది. 1884 జనవరి 13న ఇక్కడ 7.8 డిగ్రీలు నమోదైంది గానీ అంత చలి ఇప్పుడు ఆశించక్కర్లేదు. పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఉన్న ఆ పన్నెండు డిగ్రీల తేడాను బట్టే మేం శని, ఆదివారాల తిరుగుడు కుదుర్చుకున్నాం: పొద్దున పార్కు, ఎండవేళ నీడపట్టు, నాలుగు దాటాక మళ్ళీ పార్కు.

బట్టలు మందంగా ఉండటం కంటే పొరలుగా ఉండటం ముఖ్యం. పొడుగు చేతుల నూలు చొక్కా, దాని మీద ముందు జిప్పున్న పల్చటి స్వెట్టర్, చెవులకు మఫ్లర్ చాలు. నడక మొదలైన పావుగంటకు ఒళ్ళు వేడెక్కుతుంది. చెమట పట్టకముందే స్వెట్టర్ తీసి నడుముకు చుట్టుకోవాలి. చొక్కా తడిశాక బెంచీ మీద కూర్చుంటే ఆ తడి ఆరుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది, వణుకు పుట్టేది అప్పుడే. గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి పెదాలకు రాసుకోవడానికి ఏదో ఒకటి జేబులో ఉండాలి. దుమ్ము, పుప్పొడి పడనివాళ్ళు మాస్కు మరవకూడదు.

రాత్రి బండి దిగినవాళ్ళకు లాల్‌బాగ్ చేరడం తేలిక. కె.ఎస్.ఆర్. బెంగళూరు రైల్వేస్టేషన్‌ను ఆనుకునే మెజెస్టిక్ మెట్రో ఉంది. గ్రీన్ లైన్‌లో చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్, నేషనల్ కాలేజ్ దాటితే నాలుగోది లాల్‌బాగ్ స్టేషన్, పడమటి గేటు పక్కనే. సామాను రైల్వే క్లోక్‌రూములో పెట్టేసి ఖాళీ చేతులతో రావడం మేలు. శనివారం లాల్‌బాగ్‌కు కేటాయించడానికి కారణం కూడా మెట్రోయే: ఆదివారం రైళ్ళు ఆలస్యంగా మొదలవుతాయి, తెల్లవారుజాము పార్కుకు అవి పనికిరావు. నడకకు వచ్చేవాళ్ళ వేళ తొమ్మిదింటితో అయిపోతుంది, ఆ తర్వాత టికెట్ కొనాలి.

1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన ఈ తోట ఇప్పుడు 240 ఎకరాలు. అంతా ఒక్క పొద్దులో చూడాలనుకుంటే కాళ్ళ నొప్పులే మిగులుతాయి. మేం రెండింటికే పరిమితమయ్యాం: గుట్ట, చెరువు. గుట్ట డబుల్ రోడ్డు గేటు వైపు ఉంటుంది. పడమటి గేటు నుంచి తోటను అడ్డంగా దాటాలి గనక, సూర్యోదయం చూడదలిస్తే ఆరుంబావుకల్లా నడక మొదలవ్వాలి. జనవరిలో పొద్దు పొడిచేది 6:40, 6:45 మధ్య. తూర్పున మేడలు, మసక అడ్డం కాబట్టి సూర్యుడు మరికాస్త ఆలస్యంగానే కనిపిస్తాడు. అప్పటిదాకా నిలబడే ఓపిక లేక సగంమంది దిగిపోతారు.

ఈ గుట్ట నైస్ (gneiss) అనే చారల రాయి. దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిదని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. పైనున్న చిన్న గోపురం ఈ ఊరు కట్టించిన కెంపేగౌడ పేరుతో చెప్పుకునే నాలుగు గోపురాల్లో ఒకటి. చూడటానికి ఏటవాలు తక్కువే. కానీ నిర్మలమైన రాత్రి తర్వాత రాయి మీద మంచు పల్చగా పడి ఉంటుంది, పైగా తరాల తరబడి నడిచిన దారి నున్నగా అరిగిపోయింది. అరిగిన అడుగుల చెప్పులు, గట్టి ప్లాస్టిక్ అడుగుల శాండిళ్ళు ఇక్కడ జారతాయి. మెత్తని రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోవాలి. జారడం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. అరిగిన మెరుపు దారి వదిలి గరుకుగా, నల్లగా కనిపించే చోట అడుగు వేస్తూ, వాలుకు కాస్త అడ్డంగా దిగాలి. నాచు పట్టిన గుంటల జోలికి పోవద్దు.

ఏడు దాటాక చెరువు గట్టు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి, ఒక్కోసారి గూడబాతులు దిగుతాయి. ఇవి కాక చలికాలం చుట్టాలున్నాయి. నీటి అంచున తోక ఆడిస్తూ నడిచే గ్రే వ్యాగ్‌టెయిల్, చింత, మర్రి కొమ్మల్లో కనిపించకుండా రెండక్షరాల కూత కూసే గ్రీనిష్ వార్బ్లర్, పసుపుపచ్చని వంగపండు పిట్ట. బైనాక్యులర్స్ కొనేవాళ్ళు 10 రెట్లవి చూసి మురిసిపోతారు గానీ, ఆకుల మధ్య కదిలే చిన్న పిట్టకు 8 రెట్లవి, అంటే 8x42 నయం. చేతి వణుకు తక్కువగా తెలుస్తుంది, ఒక్క చూపులో ఎక్కువ మేర కనిపిస్తుంది. చలిలో మన ఊపిరి తగిలితే కంటివైపు అద్దం మసకబారుతుంది. తుడవకండి, క్షణం ఆగితే అదే పోతుంది.

గణతంత్ర దినోత్సవం రోజుల్లో 1889 నాటి గ్లాస్‌హౌస్‌లో పూల ప్రదర్శన జరుగుతుంది. పూలు చూడాలంటే మొదటి రెండు మూడు రోజుల్లో, పనిదినం పొద్దున వెళ్ళాలి. తోట ప్రశాంతంగా కావాలంటే ఆ రోజులు తప్పించాలి. రెండూ ఒకేసారి దొరకవు.

ఫలహారానికి గేటు అవతల 1924 నాటి ఎం.టి.ఆర్. హోటలు ఉంది. రవ్వ ఇడ్లీ కోసం పార్కులోని మంచి గంటను వదులుకోవడం మాత్రం మాకు నచ్చదు. తొమ్మిదిన్నరకు వెళ్ళి వరసలో పేరు చెప్పి నిలబడటమే నయం. ఎండ ముదిరాక బసవనగుడి. బ్యూగల్ రాక్ పార్కులో చెట్ల నీడ దట్టం, లాల్‌బాగ్ గుట్టలాంటి రాయే ఇక్కడా ఉంది. కార్తీకం చివరి సోమవారానికి వస్తే పక్కనే దొడ్డ బసవన్న గుడి దగ్గర వేరుశనక్కాయల పరిషె, అంటే జాతర. కొత్తగా తవ్విన పచ్చికాయలు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచితే బూజు పడతాయి. గుడ్డసంచిలో తెచ్చి, ఇంట్లో చాప మీద ఆరబోయాలి.

రోజు ఎలా గడుస్తుందో ముందే చెప్పేది బంగాళాఖాతం. అక్కడ తుఫాను గాని, వాయుగుండం గాని ఉంటే డిసెంబరులోనూ ఇక్కడ మబ్బు కమ్ముతుంది. అప్పుడు రాత్రి చలి తగ్గుతుంది, మబ్బు నేల వేడిని పైకి పోనివ్వదు. కానీ పగలు ఎండ రాక రోజంతా ముసురు చలి. ఆకాశం నిర్మలంగా ఉంటే దీనికి తలకిందులు: తెల్లవారుజామున గట్టి చలి, పదకొండుకల్లా చురుక్కుమనే ఎండ. మబ్బు రోజైతే మధ్యాహ్నం కూడా పార్కులో గడపొచ్చు, సూర్యోదయం మీద మాత్రం ఆశ వదులుకోవాలి.

ఆదివారం ఆటోలో కబ్బన్ పార్క్. 1870లో అప్పటి మైసూరు చీఫ్ ఇంజనీరు రిచర్డ్ సాంకీ వేసిన పార్కు ఇది. ఇక్కడ చలికాలపు అందమంతా టబేబుయా చెట్లదే. ఆకులన్నీ రాల్చేసి గులాబిరంగు పూలతో నిండిపోతాయి. ఒక రకం నవంబరు, డిసెంబరుల్లో, మరొకటి జనవరి నుంచి. పసుపు రకానికి ఫిబ్రవరి, మార్చి దాకా ఆగాలి. ఒక చెట్టు తర్వాత మరొకటి ఏడాది పొడుగునా పూసేలా ఊళ్ళో చెట్లు నాటించిన ఆలోచన 20వ శతాబ్దం తొలి దశకాల్లో లాల్‌బాగ్‌ను చూసుకున్న జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు క్రుంబీగల్‌ది. పూత పొడి వాతావరణాన్ని అడుగుతుంది. అకాల వాన కురిస్తే పూలు రాలిపోతాయి, కాబట్టి తారీకు చూసి కాదు, కిందటి వారం ఎలా ఉందో కనుక్కుని రావాలి. ఫొటోకు ఏడున్నర, తొమ్మిది మధ్య పక్కవాటు ఎండ బాగుంటుంది. పది దాటితే గులాబి తెలుపుగా పడుతుంది. గడ్డి మీద రాలిన పూల తివాచీ కావాలంటే ఊడ్చేవాళ్ళ కంటే ముందు రావాలి.

గడ్డి మీద కూర్చోవాలంటే తొమ్మిదిన్నర దాకా ఆగండి. అంతకుముందు పరిచిన దుప్పటి కిందినుంచి తడిసి బరువెక్కుతుంది. తప్పదనుకుంటే కింద టార్పాలిన్, పైన దుప్పటి. కూర్చునే ముందు తల ఎత్తి చూడాలి. పెద్ద కొమ్మల కింద తేనెపట్టు వేలాడుతుంటే అక్కడినుంచి లేచిపోవాలి, ఘాటైన సెంటు కూడా వద్దు. ఇంటినుంచి తిండి తెచ్చుకుని పార్కులో తినడానికి ఒప్పుకోరు, స్టీలు సీసాలో నీళ్ళు చాలు. పుస్తకం మటుకు తెచ్చుకోండి. 2023లో మొదలైన కబ్బన్ రీడ్స్ వాళ్ళు శనివారం ఉదయాల్లో ఇక్కడ గుంపుగా కూర్చుని మౌనంగా చదువుకుంటారు.

ఆదివారం లోపలి రోడ్ల మీద వాహనాలు ఉండవు, పిల్లలు సైకిళ్ళు, స్కేట్లు తెస్తారు. హాల్లో వాడే గట్టి చక్రాల స్కేట్లు తారు మీద అదురుతాయి, పట్టు ఉండదు. చక్రం మీద రాసుండే గట్టిదనం అంకె 78ఎ నుంచి 85ఎ మధ్య ఉన్న మెత్తని చక్రాలు కావాలి. రాలిన పూలు టైరు కింద నలిగితే సబ్బునీళ్ళే. మలుపుల్లో బ్రేకు ముందే వేయించండి, మోకాలి కవచాలు తప్పనిసరి. ఎండ ముదిరితే పక్కనే విశ్వేశ్వరయ్య మ్యూజియం, పిల్లలకు మూడు గంటలు సరిపోదు. నాలుగు తర్వాత మళ్ళీ వెదురు పొదల వైపు వెళ్ళొచ్చు. ఆరు దాటాక పొద్దు గుంకుతుంది, అరగంట ముందునుంచే దోమలు. స్వెట్టర్ అప్పుడే వేసుకోవాలి.

తిరుగు బండికి ముందు మార్కెట్లో అనపకాయలు కొన్నాం. కన్నడిగుల అవరెకాయే మన రాయలసీమ అనపకాయ, చిక్కుడు జాతిది. చేత్తో రుద్దితే జిగటగా అంటుకుని ఘాటు వాసన రావాలి, అది మంచు తిన్న కాయ. వాసన లేనిది ఎంత నవనవలాడినా వదిలేయాలి. ఇంటికెళ్ళాక గింజలు ఒలిచి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున పితికితే పప్పు.