సగం తయారైన ఆలోచనను ఎవరికి చూపిస్తాం?

ఆవిష్కరణల గురించి జరిగే చర్చ సాధారణంగా పరిశోధన నిధులు, పేటెంట్లు, ప్రతిభ అనే మూడింటి చుట్టూ తిరుగుతుంది. వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని నా అభిప్రాయం: ఇంకా రుజువు కాని ఆలోచనను మనిషి ఎవరి ముందు ధైర్యంగా పెట్టగలడు? వినేవాడు దాన్ని ఎత్తుకుపోతాడన్న భయమో, నవ్విపోతాడన్న బెరుకో ఉన్నచోట ఆ ఆలోచన నోరు దాటదు. నోరు దాటనిదాన్ని సరిదిద్దేవారూ, దానికి తమకు తెలిసిన ముక్కను జతచేసేవారూ ఉండరు. పరిచయాలు, ఇచ్చిపుచ్చుకునే అలవాట్లు, మాట మీద నిలబడతారన్న భరోసా కలిసిన సామాజిక మూలధనం ఆవిష్కరణకు తోడ్పడేది ముఖ్యంగా ఈ దశలోనే.

ఇందుకు పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గనులను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. అక్కడి రాగి, తగరం గనుల్లో ఊరే నీటిని ఆవిరి యంత్రాలతో తోడిపోయాలి, కాని బొగ్గు వేల్స్ నుంచి ఓడల్లో రావాలి. మెరుగుపరచిన ఆవిరి యంత్రానికి జేమ్స్ వాట్ 1769లో పొందిన పేటెంటును పార్లమెంటు 1800 దాకా పొడిగించింది. బొగ్గు ఆదాలో మూడో వంతు విలువను వాట్‌కు, అతని వ్యాపార భాగస్వామి బోల్టన్‌కు చెల్లించవలసి రావడం, యంత్రాన్ని తమ పద్ధతిలో మార్చిన ఇంజనీర్లపై వ్యాజ్యాలు నడవడం వల్ల ఆ కాలమంతా వైరంతోనే గడిచింది. పేటెంటు గడువు తీరాకనైనా పరిస్థితి వెంటనే బాగుపడలేదు. కొన్నేళ్లపాటు యంత్రాల పనితీరు ఇంకా దిగజారింది. అడ్డు తొలగినంత మాత్రాన సహకారం దానంతట అది పుట్టుకురాదు.

1811లో గనుల నిర్వాహకులు కలిసి, జోయెల్ లీన్ అనే అనుభవజ్ఞుడి చేత నెలనెలా ఒక నివేదిక వేయించడం మొదలుపెట్టారు. ఏ గనిలోని యంత్రం ఒక బుషెల్ (అప్పటి కొలమానం) బొగ్గుకు ఎంత పని చేసింది, దాని నిర్మాణం ఎలాంటిది, దాన్ని చూసుకునే ఇంజనీరు ఎవరు అనేవన్నీ అందులో అచ్చయ్యేవి. రిచర్డ్ ట్రెవితిక్ అనే ఇంజనీరు 1812లో నెలకొల్పిన అధిక పీడన యంత్రానికి పేటెంటు తీసుకోకపోవడంతో, మిగిలినవారు దాన్ని చూసి తమకు తోచిన మెరుగులు దిద్దుకున్నారు. 1840ల నాటికి ఆ యంత్రాల సగటు సామర్థ్యం మూడు రెట్లు దాటింది. ఆ గనులవారు ప్రాణస్నేహితులేమీ కారు. ఒకే మదుపరికి పలు గనుల్లో వాటాలుండేవి, రాగి ధరను ఏ ఒక్క గనీ శాసించలేదు, కాబట్టి పొరుగు గని బాగుపడినందువల్ల ఎవరికీ పెద్దగా నష్టం లేదు. పైగా అందరి అంకెలనూ ఒకే చేయి లెక్కగట్టి అందరి ముందూ పెడుతున్నప్పుడు గొప్పలు పోవడం అంత సులభం కాదు. (అంకెలను పెంచి చూపుతున్నారన్న అనుమానాలు అప్పుడూ వినిపించాయి, అయినా నివేదిక ఆగలేదు.) ఒకరినొకరు సరిచూసుకునే ఏర్పాటే అక్కడ నమ్మకానికి పునాది వేసింది.

అందుకే నమ్మకం ఎంత గాఢమైతే ఆవిష్కరణ అంత వర్ధిల్లుతుందన్న వాదనతో నేను ఏకీభవించను. బాగా దగ్గరివారికి తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయని, కొత్త సమాచారం ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా వస్తుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లోనే వాదించాడు. జర్మనీలోని రూర్ ప్రాంతంలో బొగ్గు, ఉక్కు సంస్థలు, వాటికి యంత్రాలు సరఫరా చేసేవారు, స్థానిక రాజకీయ నాయకులు దశాబ్దాలపాటు ఎంతగా అల్లుకుపోయారంటే, ఆ పరిశ్రమలకు గడ్డుకాలం వచ్చినప్పుడు వేరే దారి ఆలోచించగలవారు వారిలో కరువయ్యారు. ఇందుకు భిన్నంగా, ఉద్యోగి పోటీ సంస్థకు వెళ్లకుండా కట్టడి చేసే ఒప్పందాలు చాలావరకు చెల్లవని కాలిఫోర్నియా 1872లోనే చట్టం చేసుకుంది. సిలికాన్ వ్యాలీలో ఇంజనీర్లు సంస్థలు మారుతూ, తమతోపాటు పరిచయాలనూ మోసుకుపోవడానికి ఈ చట్టం తోడ్పడిందని చాలామంది పరిశోధకులు భావిస్తారు.

నమ్మకాన్ని కొలిచే పద్ధతి గురించి కూడా ఒక మాట. మనుషుల్లో ఎక్కువమందిని నమ్మవచ్చునా, లేక జాగ్రత్తగా మెలగాలా అని ప్రపంచ విలువల సర్వే అడిగే ప్రశ్నకు, నమ్మవచ్చునని చెప్పేవారు స్వీడన్, నార్వే వంటి నార్డిక్ దేశాల్లో 60 శాతానికి పైగా ఉంటే, కొన్ని లాటిన్ అమెరికా దేశాల్లో 10 శాతం కూడా ఉండరు. 102 యూరప్ ప్రాంతాలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం, సామాజిక మూలధనం ఆవిష్కరణలను పెంచడం ద్వారానే ఆర్థికాభివృద్ధికి తోడ్పడుతోందని తేల్చింది. అయితే ‘ఎక్కువమంది’ అనగానే ఒకరికి బంధుమిత్రులు, మరొకరికి ముక్కూమొహం తెలియనివారు గుర్తుకు రావచ్చు. ఆవిష్కరణకు పనికివచ్చేది రెండో రకం నమ్మకమే కనుక, ఈ తేడాను పట్టించుకోని పోలికలను నేను అనుమానంగానే చూస్తాను.

ఎవరైనా కోడ్‌ను చూసి మెరుగులు దిద్దగలిగే, అపరిచితులపై నమ్మకంతో నడిచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు 2024లో పెద్ద పరీక్ష ఎదురైంది. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, ఫైళ్ల పరిమాణాన్ని కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉపకరణం నిర్వహణలో చోటు సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆ మోసాన్ని బయటపెట్టాడు. ఆ తర్వాత కొందరు, తెలియనివారిని ఇంత నమ్మడమే తప్పన్నారు. నాకు మాత్రం, లెక్కలేనన్ని సర్వర్లు ఆధారపడిన ఆ ఉపకరణాన్ని అంతకుముందు ఏళ్ల తరబడి ఒకే ఒక్క మనిషి జీతం లేకుండా మోస్తూ రావడమే అంతకంటే పెద్ద లోపంగా కనిపిస్తుంది. వచ్చినవాణ్ని సరిచూసేందుకు అతని పక్కన రెండో మనిషి లేడు.