గండిపేట నీళ్ల కింద పొలాలకు పేర్లున్నాయి

గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలి పోలేరని మా దగ్గర పాత మాట ఒకటుంది. ఆ నీళ్ల ఒడ్డున బతికేవాళ్ల గురించి మాత్రం నగరంలో పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. చెరువు అంచున ఒక చిన్న ఊళ్లో రిటైరైన బడిపంతులు ఒకాయన, కొందరు డిగ్రీ పిల్లలు కలిసి ఊరి చరిత్రను పోగు చేస్తున్నారని తెలిసి, ఒక ఆదివారం పొద్దున్నే మెహిదీపట్నం నుంచి బయల్దేరాను. భూముల తగాదాలు నడుస్తున్నాయి, ఊరి పేరు రాయొద్దన్నారు. అందుకే రాయడం లేదు.

లంగర్‌హౌజ్ దాటుతుంటే బాపూఘాట్ వస్తుంది. మూసీ, ఈసీ కలిసేది అక్కడే. 1908 సెప్టెంబర్ 28న ఈ మూసీయే నగరం మీద పడి వేలమందిని మింగింది. ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన దుఃఖాన్ని కవిత్వంగా రాసిపెట్టాడు. దాదాపు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. ఇదంతా నగరం వైపు నుంచి చెప్పుకునే కథ. నగరం మునగకుండా కట్టిన చెరువు కింద ఎవరి పొలాలు మునిగాయో ఆ కథలో రాదు. నన్ను అంతదూరం తీసుకెళ్లింది అదే.

నార్సింగి, కోకాపేట టవర్లు దాటాక రోడ్డు కాస్త ఊపిరి తీసుకుంటుంది. ఊళ్లోకి దిగగానే బొడ్రాయి, దాని పక్కనే పాత గ్రంథాలయం గది. సారు అక్కడే ఉన్నారు. గోడకు పెద్ద చార్టు అంటించి ఉంది. ఊరి నక్షా మీద పెన్సిల్‌తో పొలాల పేర్లు రాశారు: చింతల మడి, గొల్లోళ్ల చెలక, నక్కల బండ, మోటబాయి కాడి పొలం... నీలి రంగు వేసిన చెరువు భాగంలో కూడా పేర్లున్నాయి. అవి చూసి కాసేపు మాట రాలేదు నాకు.

"పట్టా చేతులు మారితే సర్వే నంబర్ మిగుల్తది, పేరు పోతది సార్. పేరు పోతే ఆడ ఏముండెనో అడిగేటోడు ఉండడు," అన్నారాయన. 1996లో వచ్చిన 111 జీవోతో జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా కట్టడాల మీద ఆంక్షలుండేవి. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో ఇచ్చింది. అప్పటినుంచి అమ్మకాలు జోరందుకున్నాయని, చెలకలు వెంచర్లవుతున్నాయని ఆయన టెన్షన్. ఆ టెన్షన్ న్యాయమైనదే. గుడి పోతే నలుగురు గొడవ చేస్తారు. పొలం పేరు పోతే చప్పుడుండదు.

పిల్లల పని తీరు నాకు బాగా నచ్చింది. పాత ఫోటోలను ఎవరింటి నుంచీ తీసుకుపోరు. ఆ ఇంట్లోనే కూర్చుని ఫోన్‌తో కాపీ తీసి, అందులో ఉన్నవాళ్ల పేర్లు అడిగి రాసుకుని, ఫోటో అక్కడే ఇచ్చేస్తారు. ఎవరి మాటలైనా రికార్డు చేసేముందు తేదీ, చెప్పేవాళ్ల పేరు, వాళ్ల ఒప్పుకోలు వాళ్ల గొంతుతోనే చెప్పిస్తారు. ఏ భూమి ఎవరిదో రాసిన 1954-55 నాటి రెవెన్యూ రికార్డు ఖాస్రా పహాణీ నకళ్లు సంపాదించి, అందులోని పట్టాదారుల పేర్లను ఇప్పటి కుటుంబాలతో జత చేస్తున్నారు. ఊరి కుంట మీదున్న కట్ట మైసమ్మ గుడి ఎవరు కట్టారన్న దానికి రెండు వాడలవాళ్లు రెండు కథలు చెబుతారట. ఒకదాన్ని కొట్టేయకుండా రెండూ రాసిపెట్టారు. పెద్ద పెద్ద చరిత్రకారులు కూడా ఇంత ఓపిక పట్టరేమో అనిపించింది.

మధ్యాహ్నం ఒక అవ్వ దగ్గరికి తీసుకెళ్లారు. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం గట్టిది. "ఏడికెల్లి వచ్చినవ్ బిడ్డా, అన్నం తిన్నవా?" అని అడిగాకే మాట మొదలుపెట్టింది. ఆమె మామ వాళ్ల నాయిన పొలం చెరువులో పోయిందట. "పైసలిచ్చిండ్రట. గసొంటి నల్లరేగడి మళ్ల దొరకలేదని మా మామ సచ్చేదాంక అంటనే ఉండె," అంది. 2016 ఎండాకాలంలో చెరువు అడుగంటినప్పుడు, అప్పటికి బడిపిల్లాడైన కుర్రాడొకడు వాళ్ల నాన్న ఫోన్‌తో బురదలో తేలిన ఒక బావి ఒరను వీడియో తీశాడు. అది చూపిస్తే అవ్వ ఫోన్ దగ్గరికి లాక్కుని, "ఇదే మోటబాయి. కాడ చింతచెట్టు ఉండెనట," అంది. చార్టు మీద నీళ్లలో ఉన్న ఆ పేరు అలా వచ్చింది. ఒక వీడియో, ఒక ముసలామె జ్ఞాపకం కలిస్తే వందేళ్ల కింద మునిగిన పొలానికి చోటు దొరికింది.

సాయంత్రం సారు పిల్లల్ని కుంట కట్ట మీద తిప్పారు. తూము ఎలా తెరుస్తారో, అలుగు ఎందుకు అంత ఎత్తులోనే పెట్టారో, నీరటికాడు ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదిలేవాడో చెప్పారు. పిల్లల్లో ప్రతి ఒక్కరూ వచ్చే వారానికి ఇంట్లో ఒక సంగతి అడిగి రావాలి. బతుకమ్మకు ఆడబిడ్డలంతా పుట్టింటికి వస్తారు కాబట్టి, అప్పుడు చార్టునూ ఫోటోలనూ బొడ్రాయి దగ్గర పెడతారట. పెళ్లయి వెళ్లినవాళ్లకే పాత సంగతులు ఎక్కువ గుర్తుంటాయని సారు నమ్మకం.

వచ్చేటప్పుడు నాకూ ఒక పని అప్పజెప్పారు. నిజాం కాలం రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉంటాయి, ఊళ్లో చదివేవాళ్లు లేరు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో చెరువు కోసం భూములు తీసుకున్నప్పటి కాగితాలేమైనా ఉన్నాయేమో వెతకాలి. పాతబస్తీలో ఉర్దూ బాగా చదివే స్నేహితుడొకడు వస్తానన్నాడు. నీలి రంగులో ఉన్న పేర్ల జాబితా రాసుకుని తెచ్చుకున్నాను. సోమవారం ఇద్దరం తార్నాక వెళ్తున్నాం.